డెబ్బై రెండు

మధ్యాహ్నం అన్నాల వేళకి ఆ యూనివర్సిటీ నర్సింగ్ కాలేజీ హాల్లో గోడ ఖాళీ అయిపోతుంది. గోడ మీది పెద్ద చిత్రంలో ఉన్న మొదటి బ్యాచ్ నర్సులు ఒక్కొక్కరే దిగి వెనక తోటలోకి నడుస్తారు. పచ్చికలో కాసేపు కాళ్లు చాపుకుని, బెల్లు కొట్టేసరికి గోడెక్కి ఎవరి చోట వాళ్లు నిలబడతారు. కాళ్లకంటిన గడ్డి దులుపుకుని ఎక్కొచ్చుగా అని ఊడ్చే ఆవిడ రోజూ గొణుగుతుంది. కాలేజీ చరిత్ర చెప్పే మేడం ఆ వేళకి మాత్రం క్లాసు వేయొద్దంది. ఒట్టి గోడ చూపించి ఏం చెబుతుంది పాపం.

ఆ రోజు తోటలో బల్ల మీద పిట్ట కూర్చుని ఉంది. రెండో ఏడాది పిల్ల, సన్నగా ఉంటుందని ఆ పేరు. డబ్బా మూత తీసింది గానీ ముద్ద దిగడం లేదు. వారం మొదట్లో పక్కనున్న ఆసుపత్రి వార్డుకి ఆలస్యంగా వెళ్లి, చివరి మంచం తాతగారి పల్స్ చూడకుండానే డెబ్బై రెండని రాసేసింది. నర్సింగ్ పిల్లల చేతికి ఊరికే వచ్చే అంకె అది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, ఎవరూ అడగరు. ఆ మర్నాడూ అంతే, ఈ పొద్దునా అంతే. మిగతా డ్యూటీల వాళ్లు దాన్నే చూసి దించేస్తున్నారు. అందరూ చేసేదేగా అని మనసుకి సర్దిచెప్పుకుంది. మనసు వింటేగా. సిగ్గుతో చచ్చిపోతోంది.

చిత్రంలో మధ్యన నిలబడే పెద్ద నర్సమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఒంట్లో నలతగా ఉంది, కాస్త చూడమ్మా అని రంగుల వాసనేసే చెయ్యి అందించింది. పిట్ట మణికట్టు మీద వేళ్లు ఆనించింది గానీ ధ్యాసంతా వార్డులోనే ఉంది.

"ఎంతుంది?"

"డెబ్బై రెండు," అంది పిట్ట.

"బొమ్మకి నాడి ఎక్కడిదే తల్లీ?"

ఆవిడ కోపంగా అన్లేదు. కోపంగా అన్నా బాగుండేది. పిట్టకి తల కొట్టేసినట్టయింది. డబ్బా అక్కడే వదిలేసి వార్డుకి పరుగెత్తింది.

తాతగారి పల్స్ వేళ్ల కింద తడబడుతోంది. కాసేపు గబగబా కొట్టుకుని, అంతలోనే ఆగి, మళ్లీ అందుకుంటోంది. సిస్టర్ని పిలిచింది. డాక్టరొచ్చి ఈసీజీ తీయించి, చార్టు చూశాడు. పొద్దున కూడా బాగానే ఉంది కాబట్టి ఇది ఇప్పుడే మొదలైంది, కరెంటు షాకిచ్చి గుండెని దారిలో పెట్టేద్దాం అన్నాడు. రెండు రోజులు దాటి ఉండుంటే మాత్రం ఆ పని చేయకూడదు. గుండెలో రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి మెదడుకి పోతుంది. ఆ సంగతి పిట్ట చదువుకున్నదే. సిస్టరేమో భలే కనిపెట్టావు, బంగారుతల్లివి అని భుజం తడుతోంది. నోరు మూసుకుంటే ఆ మెప్పు దక్కుతుంది.

"నేను చూడలేదు డాక్టర్ గారూ," అంది. "ఈ వారమంతా ఊహించి రాశాను."

సిస్టర్ చెయ్యి భుజం మీంచి జారిపోయింది. డాక్టరు షాకు ఆపించి స్కాన్ తీయిస్తే గడ్డ ఉండనే ఉంది. షాకిచ్చి ఉంటే తాతగారు దక్కేవారు కాదు. ముందు దాన్ని కరిగించాలని మందులు మొదలుపెట్టారు. పిట్టని వార్డులోంచి పంపేశారు, రెండో ఏడాది మళ్లీ చదవాలన్నారు.

వెళ్లేముందు తాతగారి మంచం దగ్గర తల వంచుకు నిలబడింది. ఆయనే మాట అందుకున్నారు.

"నువ్వొచ్చినప్పుడల్లా చెయ్యి చాపేవాణ్నమ్మా. నీకు కనపడి ఉండదు. ఎంత పనో ఏమో."

ఊ అంటే సరిపోయేది.

"కనపడింది తాతగారూ," అంది పిట్ట.