ఇంజనీరు చేసిన సైకిలు

అక్కకి తమ్ముడి మీద ఉన్న కోపం ఈ జన్మకి తీరేది కాదు. మొగుడి మీద ఉన్న కోపమైతే ఎవరితో చెప్పుకోవాలో కూడా ఆమెకి తెలియదు. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆమె అక్కే. నిజంగా తోడబుట్టినవాడు మాత్రం ఒక్కడే, లేతు షాపులో పనిచేసే ఇంజనీరు. ఇంజనీరంటే చదువనుకునేరు, అది ఉత్త వెక్కిరింత. చిన్నప్పుడు ఇంట్లో గడియారం విప్పి, మళ్ళీ బిగించడం చేతకాక భోరుమంటే తండ్రి పెట్టిన పేరది. ముప్పై దాటినా వాడికి అదే పేరు, దాని వెనక అదే నవ్వు.

ఆమె మొగుడు పెంకుల ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా. వచ్చే లారీని, పోయే లారీని తూచి చీటీ రాసివ్వడం ఆయన పని. ఫ్యాక్టరీ గుట్ట మీద ఉంది. రోడ్డు రైలు గేటు దగ్గర గిరుక్కున మలుపు తిరిగి, అక్కణ్ణుంచి నిట్టనిలువుగా పైకి పోతుంది. ఇన్నేళ్ళూ ఆ ఎత్తు సైకిలు మీదే తొక్కాడు. పోయిన చలికాలం గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. "ఇక ఎత్తులు తొక్కకూడదు, బరువులు తొయ్యకూడదు" అని డాక్టరు గట్టిగా చెప్పి పంపించాడు. గుట్ట మీదికి బస్సు లేదు. లారీలున్నాయి గానీ, కాటా గుమాస్తా లారీ ఎక్కి వచ్చాడంటే తూకంలో ఏదో మతలబుందని మేనేజరు ఆ పూటే ఇంటికి పంపేస్తాడు. పని మానేస్తే ఇల్లు గడవదు, మానకపోతే మనిషి దక్కడు. అక్కకి కంటి మీద కునుకు లేకుండా పోయింది.

ఆ బాధ పడలేకే తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. "మీ బావ సైకిలుకి ఇంజను బిగించగలవురా? నాకు స్పీడొద్దు. ఆ ఎత్తు ఎక్కితే చాలు. పాక్కుంటూ పోయినా ఫర్వాలేదు."

"అదెంత పనక్కా!" అన్నాడు ఇంజనీరు. సగం మాటే విన్నాడు, మిగతా సగం వాడికి అక్కర్లేకపోయింది.

పాత సామాన్ల కొట్లో పడున్న మోపెడ్ ఇంజనొకటి పట్టుకొచ్చాడు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే టూ-స్ట్రోక్ ఇంజను. సైకిలు కడ్డీల మధ్య దాన్ని కూర్చోబెట్టడానికి ఇనప పట్టీలు కోసి వెల్డింగు చేశాడు. వెనక చక్రానికి ఇంకో పళ్ళచక్రం, దానికో గొలుసు, పై కడ్డీ మీద చిన్న టాంకు అమర్చాడు. అక్కడితో ఆగి ఉంటే బంగారంలాంటి బండి అయ్యేది. ఆగితే వాడు ఇంజనీరెలా అవుతాడు? ఇంజను విప్పి, పొగ బయటికి పోయే రంధ్రాన్ని ఆకురాయితో అరగదీసి పెద్దది చేశాడు. అలా చేస్తే ఇంజను జోరుగా తిరిగేటప్పుడు రెచ్చిపోతుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం పిల్లిపిల్లకున్న బలం కూడా దానికుండదు. ఆ సంగతి వాడికి తెలీదా? నిక్షేపంగా తెలుసు. పైగా స్పీడు కోసమని వెనక పళ్ళచక్రం కూడా చిన్నదే వేశాడు.

బండి బయటికి తీసిన రోజు వీధి వీధంతా వచ్చింది. చదును రోడ్డు మీద ఇంజనీరు దౌడు తీయిస్తే నీలం పొగ లేచింది, స్కూటర్లవాళ్ళు వెనకబడిపోయారు. లేతు షాపు ఓనరంతటివాడు వచ్చి వీపు తట్టి, "నువ్వు నిజంగా ఇంజనీరువేరా!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్క కూడా చంకలు గుద్దుకుంది, పిచ్చిది. ఎత్తు మీద నడిపి చూశావా అని ఒక్క ముక్క అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోయేవా?

మర్నాటి నుంచి ఆమె మొగుడు ఆ బండి మీదే పనికి పోతున్నాడు. "ఎలా ఎక్కుతోంది?" అంటే "బ్రహ్మాండంగా" అనేవాడు. సాయంత్రం మాత్రం పెదాలు నల్లబడి ఇల్లు చేరేవాడు, అన్నం వద్దని పడుకునేవాడు. పొగ పడట్లేదేమో అనుకుంది అక్క.

ఒక పొద్దున ఆమె రైలు గేటు పక్కనున్న పిండి మరకి వెళ్ళింది. బండి చప్పుడు వినబడి తొంగి చూసింది. మలుపు దగ్గర బండి నెమ్మదించింది. ఎత్తు మొదలవగానే ఇంజను దగ్గి, గురక పెట్టి ఆగిపోయింది. ఆయన దిగి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, తొయ్యడం మొదలుపెట్టాడు. మామూలు సైకిలు కాదాయె, దాని మీద అంత ఇనుము. నాలుగడుగులు తోస్తాడు, ఆగుతాడు, గుండె మీద చెయ్యి వేసుకుంటాడు. అక్క పిండి అక్కడే వదిలేసి పరిగెత్తింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"మొదటి రోజు నుంచీ."

"మీ నోట్లో నాలుక లేదా? వాడికి చెప్పొచ్చుగా!"

ఆయన రొప్పుతూనే నవ్వాడు. "ఆ రోజు వాడి మొహం చూశావుగా. పుట్టాక మొదటిసారి వాణ్ణి నలుగురూ మెచ్చుకున్నారే. నేనెళ్ళి, ఒరే, నీ బండి పనికిరాదురా అని ఏ నోటితో చెప్పను?"

"వాడి మొహం కోసం మీ ప్రాణం తీసుకుంటారా?" అంది అక్క. ఏడుస్తూనే వెనక నుంచి తోసింది. ఇద్దరూ కలిసి దాన్ని పైదాకా ఈడ్చారు.

అటునుంచి అటే లేతు షాపుకి వెళ్ళి తమ్ముణ్ణి కడిగిపారేసింది. ఇంజనీరు మొహం మాడిపోయింది.

"ఇంజన్లో అరగదీసింది మళ్ళీ రాదక్కా. కానీ వెనక పెద్ద పళ్ళచక్రం వేస్తే ఆ ఎత్తు ఎక్కేస్తుంది. స్పీడు చచ్చిపోతుందంతే."

"చావనీ. ఇప్పుడే వెయ్యి."

"ఆదివారం పక్క ఊరి మెకానిక్కులు వాళ్ళ బళ్ళేసుకుని పందేనికొస్తున్నారక్కా. అందరికీ మాటిచ్చేశాను. అది అయిపోనీ. సోమవారం పొద్దున్నే వేసేస్తాను, నీ మీదొట్టు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి మొగుడితో చెబితే ఆయన తమ్ముడి వైపే మాట్లాడాడు. "ఇన్నాళ్ళు తోశాను, ఆదివారం దాకా తొయ్యలేనా? వాడి ముచ్చట తీరనీ."

"పోనీ సెలవు పెట్టండి."

"ఆసుపత్రిలో ఉన్నప్పుడే సెలవులన్నీ అయిపోయాయి."

"అయితే ఏడవండి, బావా బామ్మర్దీ కలిసి!" అంది. ఆ మాట అనేసి వంటింట్లోకి పోయింది. ఆ గొలుసేదో తెంపి పారేసి ఉండాల్సిందని తరవాత ఎన్నిసార్లు అనుకుందో.

శనివారం పొద్దున ఆయన ఎత్తు మధ్యలో కుప్పకూలిపోయాడు. బండి ఆయన మీద పడింది, కాలే సైలెన్సరు పిక్కకి అంటుకుంది. ఒక లారీ డ్రైవరు చూసి, ఎత్తి లారీలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఇంజనీరు గుండెలు బాదుకుంటూ వచ్చాడు, రాత్రంతా కదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం కాసేపు కనిపించలేదు. తిరిగొచ్చినప్పుడు వాడి చొక్కా పెట్రోలు పొగ వాసన కొట్టింది. అడిగే ఓపిక అక్కకి లేదు.

ఆయన బతికి ఇంటికొచ్చాడు. కుర్చీలోంచి లేవలేడు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటాడు. కాటా దగ్గరికి ఇంకో గుమాస్తా వచ్చేశాడు. ఫ్యాక్టరీవాళ్ళు జాలిపడి అక్కకి విరిగిన పెంకులు ఏరే పని ఇచ్చారు. రేపట్నుంచి ఆ గుట్ట ఆమె ఎక్కాలి.

అది విని ఇంజనీరు పెద్ద పళ్ళచక్రం పట్టుకుని వచ్చాడు. గుమ్మం ముందు సైకిలు తలకిందులుగా పెట్టి, పాతది విప్పి కొత్తది బిగించాడు, గొలుసుకి కాస్త అతుకు వేశాడు. అక్క వాడి కోసం టీ పెట్టి గ్లాసులో పోసి తెచ్చేసరికి చేతులు తుడుచుకుంటున్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయిందక్కా."

"ఇంతేనా?"

వాడు సైకిలు తిప్పి నిలబెట్టాడు.

కుర్చీలోంచి ఆయన పిలిచాడు. "ఒరే... ఆదివారం... గెలిచావా?"

ఇంజనీరు భయంగా అక్క వైపు చూశాడు. తరవాత బావ వైపు తిరిగి, "గెలిచాను బావా. ఒక్కడు కూడా దరిదాపుల్లోకి రాలేదు" అన్నాడు.

"శభాష్" అన్నాడు ఆయన, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని.

వాడి మొహం వెలిగిపోయింది. ఆపుకుందామనుకున్నాడు పాపం, ఆపుకోలేకపోయాడు. ఆ వెలుగు అక్క చూసింది. చేతిలో ఉన్న టీ మురిక్కాలవలో ఒంపేసి లోపలికి వెళ్ళిపోయింది.