గోడ లోపలి సమాధి

మా ఆయన సుందరం పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కోయిలకుంట్ల పక్కన మా పల్లెలో ఆయనే సంఘ పెద్ద. సమాధుల తోట తాళం ఆయన మొలతాడుకే వేలాడుతుంది. తన ప్రాణం తానే తీసుకున్న మనిషికి చర్చి గంట కొట్టరు, తోట గోడ లోపల చోటివ్వరు. దొరల కాలం నాటి కట్టుబాటట. కాపురానికి వచ్చినప్పటి నుంచీ వింటున్నాను.

మొన్న ఎండాకాలం కంబన్న అలాగే పోయాడు. పసిబిడ్డ జ్వరంతో చనిపోయాక ఆ దిగులు నుంచి అతను తేరుకోలేదు. భార్య స్తుతి అడిగింది ఒక్కటే, బిడ్డ పక్కన తండ్రిని పెట్టాలని.

మా ఆయన గడ్డపార పట్టుకుని తోట గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "గోడ బయట తవ్వుకోండప్పా."

"బిడ్డ లోపలుండాది మామా," అంది స్తుతి. "వాళ్ల నాయన బయట యాడ పండుకుంటాడు?"

కిందటేడు కడప నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారు బైబిలు తెరిచాడు. "సౌలు రాజు తన కత్తి మీద తానే పడి సచ్చినాడు. యాబేషు ఊరోళ్లు శవాన్ని తెచ్చుకోని, ఎముకలు పాతిపెట్టి, ఉపవాసముండారు. దావీదు రాజు వాళ్లను దీవించినాడు. మీ కట్టుబాటు ఇందులో యాడుండాదో సూపీండి."

సుందరం ఆ బైబిలు లాక్కున్నాడు. చదువుతాడేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. దాంతోనే అయ్యగారి మొహం మీద కొట్టాడు. అట్ట మూల తగిలి కనుబొమ్మ చీలింది, తెల్ల చొక్కా ఎర్రబడింది.

స్తుతి లోపలికి దూరబోతే జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె అన్న శేషన్న పార ఎత్తి మా మరిది భుజం మీద కొట్టాడు. ఇక ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. తోపులాటలో శవప్పెట్టె ఒరిగి కంబన్న చెయ్యి బయటికి జారింది. ఆ చెయ్యి తొక్కుకుంటూనే కొట్టుకున్నారు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"మీయమ్మ లోపలెట్లుండాదయ్యా?" అని మా ఆయన మీద అరిచాను.

అందరూ ఆగిపోయారు.

"కాలు జారి బావిలో పడిందని ఊరంతా చెప్పినావే. ఆమె శవానికి నీళ్లు పోసింది నేను. కొంగులో రాయి కట్టుకోనుండాది. విప్పి పారేయమన్నది నువ్వు. గంట కొట్టించి లోపల పెట్టినావు. ఆ పొద్దు యాడికి పోయినాది నీ కట్టుబాటు?"

చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. అదే మాట మళ్లీ అన్నాను.

అప్పుడైనా తాళం పారేసి ఇంటికి పోతాడనుకున్నాను. ఆయన గడ్డపారతో వాళ్లమ్మ సమాధి దగ్గరికి నడిచాడు. "కట్టుబాటు అందరికీ ఒకటే," అంటూ నాపరాయి మీద పొడిచాడు. రాయి పగిలింది. "అమ్మా" అని ఏడుస్తూనే మళ్లీ పొడిచాడు. ఆపబోయిన తమ్ముణ్ణి ఒక్క తోపు తోశాడు.

గేటు దగ్గర ఇక అడ్డు లేదు. మేము పెట్టె ఎత్తుకుపోయి బిడ్డ పక్కనే గుంత తీశాం. కంటి మీదికి కారే రక్తం తుడుచుకుంటూ అయ్యగారు ప్రార్థన చేశాడు. గంట ఎవరూ కొట్టలేదు. గడ్డపార చప్పుడు మధ్యే కంబన్న మట్టిలోకి దిగాడు.

ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం కొట్టడం మాకు వాడుక. ఈసారి నేను బకెట్టు తీసుకుపోయేసరికి ఆయన అక్కడే ఉన్నాడు, పగిలిన నాపరాయి ముక్కలు పేర్చుకుంటూ.

"సున్నం నాకియ్యి," అన్నాడు.

"ముందు కంబన్నకు కొట్టిరాపో. ఆనక మీయమ్మకు కొడుదువు."

తల అడ్డంగా ఊపాడు. కంబన్నకూ బిడ్డకూ స్తుతీ నేనూ కొట్టాం. మా అత్త సమాధికి ఈ ఏడు సున్నం పడలేదు.