కిటికీలు తెరిచే ఉంచండి

గాలి ఎటు వీస్తుందో చెప్పినందుకు అవ్వ పళ్ళు రెండు రాలగొట్టారు.

పట్టపగలు, మునిసిపల్ హాల్లో, మూడొందల మంది చూస్తుండగా. ఇనుము కరిగించే ఫ్యాక్టరీకి రెండో కొలిమి కట్టాలా వద్దా అని జనాన్ని అడిగే మీటింగు అది. అడగడానికే పిలిచారు కదా అని అవ్వ లేచి నిలబడింది. పర్యావరణ నివేదిక ప్రకారం బూడిద ఊరి మీదికి రాదనీ, గాలి దాన్ని కొండల వైపు తీసుకుపోతుందనీ ఆఫీసరు అప్పుడే చదివి కూర్చున్నాడు.

"ఎప్పుడు కొలిచారు నాయనా?" అంది అవ్వ. "పొద్దున కొండల వైపే పోతుంది. రెండు దాటితే గాలి తిరిగి మా నెత్తినే పోస్తుంది. మీ కొలిచేవాళ్ళు భోజనాల వేళకల్లా జీపెక్కేశారు. నేను చూశాగా."

జనం గొల్లున నవ్వారు. దెబ్బ తిన్నా తట్టుకునేవాడేమో గానీ ఆ నవ్వు తట్టుకోలేకపోయాడు చైర్మన్. కనుసైగ చేశాడు. లాఠీ అడ్డంగా వచ్చి అవ్వ మూతి మీద పడింది.

అవ్వది ఆస్పత్రి దుప్పట్లు ఉతికే షెడ్డు. అక్కడ ముప్ఫై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. గాలి సంగతి వాళ్ళకి నివేదికలు చెప్పక్కర్లేదు. రెండు కొట్టకముందే తీగల మీది దుప్పట్లన్నీ లాగేస్తారు. ఆలస్యమైతే నల్లపొడి పడుతుంది, మళ్ళీ ఉతకాలి. పదకొండేళ్ళుగా ఆ పరుగు పనిలో భాగమే అనుకున్నారు. అన్యాయం అనుకోలేదు.

అనుకున్నది ఒక్క పిల్ల. ఉడుకునీళ్ళ తొట్టి దగ్గర పనిచేసే ఆమె కూతురు. ఆ తల్లిని షెడ్డులో అందరూ భయాలమ్మ అనేవాళ్ళు. కూతురు తుమ్మితే న్యుమోనియా అనుకునేది, పావుగంట ఆలస్యమైతే లారీ గుద్దిందనుకునేది. అలాంటి తల్లి కడుపున ఈ పిల్ల ఎలా పుట్టిందో. చిరిగిన దుప్పటిని జేబురుమాలంత ముక్కలు చేసి, రోజుకొకటి రెండు నుంచి ఆరు దాకా తీగ మీద వేసేది. తీసి, మూల మీద సిరాతో తేదీ రాసేది. అరవై ముక్కలు పోగయ్యాయి. రెండో కొలిమి తీర్మానం మీద ఓటేసే రోజున వాటిని చైర్మన్ బల్ల మీద పరుస్తానని ఊరంతా చెప్పింది.

"నోరు తెరిస్తే మూతి పగలగొడతారు. గుడ్డని ఏం చేస్తారమ్మా?"

"గుడ్డని కాదే, పట్టుకున్న చేతిని కొడతారు. వెళ్ళకే. అవ్వకి పళ్ళే పోయాయి, నీకు ప్రాణం పోతుంది."

"నీకన్నీ ప్రాణాలు పోవడమే. మొన్న పిల్లి కనపడకపోయినా అదే అన్నావు."

ఓటేసే రోజు పొద్దున్నే తల్లి నీళ్ళకని బయటికి వెళ్ళి తలుపు లాగి గొళ్ళెం పెట్టింది. ఇనప తాళం వేసింది. లోపల్నుంచి కూతురు తలుపు బాదుతూనే ఉంది.

"అమ్మా, తియ్. మధ్యాహ్నం మీటింగు."

"సాయంత్రం తీస్తా. తిట్టుకో, గుండెలు బాదుకో, బతికైతే ఉంటావు."

తాళంచెవి నడుం తాడుకి కట్టుకుని పనిలోకి పోయింది. ఇన్నేళ్ళలో ఆమె గుండె కుదురుగా కొట్టుకున్నది ఆ పూటే.

పదిన్నరకి పొగ లేచింది. ఫ్యాక్టరీ పొగ కాదు. ఆ పొగని నిద్రలో కూడా గుర్తుపడతారు వాళ్ళు. ఇది తమ ఇళ్ళ వరసలోంచి లేచింది. తల్లి ముందూ వెనకా చూడకుండా పరుగెత్తింది. దుప్పట్లు తిప్పే కర్రలు చేతుల్లోనే ఉండగా మిగతావాళ్ళూ పరుగెత్తారు.

ఫ్యాక్టరీ మనుషులు గుడ్డల మూట కోసం వచ్చారు. తలుపుకి తాళం చూశారు. కిటికీలోంచి కిరసనాయిలు పోసి అంటించి పోయారు.

తల్లి వేళ్ళకి తాళంచెవి దొరకలేదు. ముడి బిగుసుకుపోయింది. అవ్వ ఆమెను పక్కకి తోసి కర్రతో గొళ్ళేన్ని పెకలించింది. పిల్ల గుమ్మం దగ్గరే బోర్లా పడి ఉంది. చేతులు మోచేతుల దాకా కాలిపోయాయి. కడుపు కింద మూట. అందులో మిగిలినవి తొమ్మిది ముక్కలు.

ఆస్పత్రిలో, తల్లి ఉతికిన దుప్పటి మీదే ఆ పిల్ల కళ్ళు తెరిచింది. "తాళం వేసింది నువ్వే కదూ" అంది. కోపంగా అనలేదు. తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగింది. పన్నెండు కొడుతుండగా పోయింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చి కాగితం మీద ప్రమాదం అని రాసుకున్నాడు. "బయట తాళం ఉంటే లోపల మనిషుందని ఎవడనుకుంటాడమ్మా?" అన్నాడు.

తల్లి ఏడవలేదు. జరుగుతుందని ఇరవై రెండేళ్ళు భయపడ్డదే జరిగిపోయింది. ఇంకేం మిగిలింది భయపడటానికి? కాలిన గుమ్మం దగ్గరికి వెళ్ళి బూడిదలోంచి తాళం ఏరుకుంది. గొళ్ళెం ఊడింది గానీ తాళం చెక్కుచెదరలేదు. నడుం తాడు తెంపి, తాళంచెవితో దాన్ని తెరిచి చూసింది.

"అందరూ రండి" అంది అవ్వ, పళ్ళు పోయిన నోటితోనే. అందరూ వచ్చారు. దారిలో మూటలు మోసే కూలీలు కలిశారు. కాలేజీ పిల్లలు కలిశారు. హాలు చేరేసరికి వీధి పట్టలేదు.

లోపల చైర్మనూ సభ్యులూ కూర్చుని ఉన్నారు. బల్ల మీద తెల్లగుడ్డ, మంచినీళ్ళ గ్లాసులు. ఉక్కపోతకి కిటికీలన్నీ బార్లా తెరిచారు. కాపలా పోలీసు తేరుకునేలోపే తల్లి ఇనప గేటు లాగి తాళం వేసేసింది.

"ఏయ్, ఏంటిది? తియ్" అన్నాడు చైర్మన్ కిటికీ దగ్గరికొచ్చి.

"తీస్తామండీ. రెండు దాటనివ్వండి. గాలి కొండల వైపే కదా పోయేది. కిటికీలు తెరిచే ఉంచి ఓటేసుకోండి" అంది తల్లి.

"దీనికి మతి పోయింది."

"పోయింది దొరా. ఇందాక పన్నెండింటికి పోయింది."

రెండు దాటింది. ఆకులు ఇటు తిరిగాయి. ముందు తెల్లగుడ్డ బూడిదరంగయింది. తర్వాత గ్లాసుల్లో నీళ్ళ మీద మీగడలా నల్లపొర కట్టింది. ఒక సభ్యుడు దగ్గాడు. ఇంకొకడు దగ్గాడు. చైర్మన్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఎంతసేపు ఓర్చుకోగలడో అంతసేపూ ఓర్చుకున్నాడు. ఆఖరికి అరిచేశాడు.

"ఆ కిటికీలు మూసి చావండ్రా."

ఊడిన పళ్ళ సందుల్లోంచి అవ్వ గొంతు లేచింది. "రాసుకో బాబూ. మీటింగులో ఎవరేమన్నారో రాసే గుమాస్తా బాబూ, నిన్నే. రెండుంబావుకి చైర్మన్‌గారు కిటికీలు మూయమన్నారని రాసుకో."

అప్పుడు స్టేషన్ నుంచి వచ్చిన వ్యాన్‌లోంచి లాఠీలు దిగాయి. తలలు పగిలాయి. ఒక కూలీ భుజం ఎముక విరిగిన చప్పుడు హాలు మెట్ల దాకా వినపడింది. కాలేజీ పిల్లలు కిందపడినవాళ్ళకి అడ్డంగా పడి దెబ్బలు కాచారు. ఆడవాళ్ళు కర్రలు అడ్డం పెట్టారు. విరిగే దాకా కొట్టారు, కొట్టించుకున్నారు. ఇన్‌స్పెక్టర్ తల్లిని జుట్టు పట్టుకుని ఈడ్చాడు.

"తాళంచెవి ఏదే?"

"నా దగ్గర లేదండీ. చేతులు మారుతోంది. ఇప్పటికి వీధి చివరికి పోయుంటుంది."

నెత్తురోడుతున్న తల్లిని, అవ్వని, ఇంకో పదిమందిని వ్యాన్‌లోకి విసిరారు. వ్యాన్ కదిలింది. జాలీ కిటికీలోంచి తల్లి బయటికి చూసింది. అలవాటు కొద్దీ టైమెంతయిందని అడిగింది. మూడు కావస్తోంది. ఈ వేళకి ఊళ్ళో తీగ మీద ఒక్క గుడ్డ కూడా ఉండకూడదు.

ప్రతి మేడ మీదా, ప్రతి గుమ్మం ముందూ తెల్ల దుప్పట్లు ఆరేస్తున్నారు. మూలల్లో సిరాతో ఆ రోజు తేదీ. బూడిద కురుస్తోంది. ఒక్కరు కూడా లాగడం లేదు.