రెండు గంటల టోకెన్

మా ల్యాబులో టోకెన్ల పద్ధతి పెట్టింది నేనే.

గోదావరిఖనిలో విశ్వవిద్యాలయం వాళ్లు నడిపే ఉమ్మడి పరికరాల ల్యాబది. ఏ కాలేజీకి ఆ కాలేజీ ఖరీదైన యంత్రాలు కొనలేదు కాబట్టి అన్నీ ఒకచోట పెట్టారు. చుట్టుపక్కల పరిశోధన చేసేవాళ్లంతా వంతులవారీగా వచ్చి వాడుకోవాలి. నీళ్లలో, మట్టిలో పాదరసం ఎంతుందో చెప్పే యంత్రం ఒక్కటే ఉండేది. దాన్ని చూసుకునే టెక్నీషియన్‌ని నేను. ఊరి బడిలో మొదలుపెట్టి బీఎస్సీ దాకా చదివాను. ఉద్యోగం టెంపరరీ.

నేను చేరిన కొత్తలో రోజూ గొడవే. నా స్లాటంటే నా స్లాటని పీహెచ్‌డీ వాళ్లు కొట్లాడుకునేవారు. ఒకరు మా సారు చెప్పిండనేవారు, ఇంకొకరు మూడు బస్సులు మారి వచ్చానని కళ్లనీళ్లు పెట్టుకునేవారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేక నిలబడిపోయేదాన్ని.

మా బాపు పోశం బొగ్గుబాయి మీద ల్యాంపురూములో పని చేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ల ఉంటుంది. అది కిటికీలో ఇస్తేనే తలదీపం చేతికొస్తుంది. మస్టరు, అంటే హాజరు పట్టీ, మూసేలోపు రానివాళ్లకు ఆ పూట దీపం లేదు, నాగా పడినట్టే. చిన్నప్పుడు బాపుకు సద్ది తీసుకెళ్లి ఆ కిటికీ పక్కన నిలబడేదాన్ని. అంత లావు మనుషులు కూడా ఆ బిళ్ల ముందు నోరెత్తకపోవడం చూశాను.

అదే పద్ధతి ల్యాబుకు తెచ్చాను. చెక్కకు మేకులు కొట్టించాను. ఒక్కొక్కరికీ ఒక అల్యూమినియం బిళ్ల ఇచ్చాను. షిఫ్టు మొదలైన పది నిమిషాల్లోపు బిళ్ల మేకుకు పడాలి, లేకపోతే బెంచీ మీద ఎదురుచూస్తున్నవాళ్లకు ఆ పూట. యంత్రం గదిలో ఎవరూ ఫోన్ వాడొద్దు, నాతో సహా.

"ఇది ల్యాబా, బాయా? రేపు తలకు లైట్ కూడ పెడ్తవా?" అని నవ్వారు. కానీ గొడవలు ఆగాయి. మా ఇన్‌చార్జి నర్సింగం సారు మీటింగులో నా పేరు చెప్పారు. నన్ను పేరు పెట్టి పిలిచే రీసెర్చి వాళ్లు మెల్లగా "తిరుమల మేడం" అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు బాగుండేది. ఎంత బాగుండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

తస్లీమా మాత్రం మేడం అనేది కాదు. సెంటినరీ కాలనీలో బొగ్గు కంపెనీ క్వార్టర్ వాళ్లది. వాళ్ల నాన్న అలీముద్దీన్ వర్క్‌షాపులో ఫిట్టరు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే చోట డబ్బాలు విప్పేవాళ్లం. బొగ్గు ప్రాంతంలో బావినీళ్ల మీద ఆమె పరిశోధన. మేడిచెలిమ అనే ఊరిని ఓపెన్‌కాస్టు గని కోసం ఖాళీ చేయిస్తున్నారని తెలిసి, బావులు పూడ్చేలోపు వాటి నీళ్లు పట్టాలనుకుంది. 2011 ఆగస్టు ఇరవైన నన్నూ వెంట తీసుకెళ్లింది.

ఊళ్లో సగం ఇళ్లకు అప్పటికే కప్పులు లేవు. పదకొండు బావుల్లో నీళ్లు తోడాం. ఆఖరి బావి ఐలవ్వది. ఆమె మమ్మల్ని చేదబొక్కెన ముట్టనివ్వలేదు. తానే తోడి పోసింది.

"మా ఆయిన కిడ్నీలు కరాబై పోయిండు బిడ్డ," అంది. "సదయ్య అంటే ఈ ఊర్ల కల్లు తాగనోడని పేరు. దవాఖానల డాక్టరు అడిగిండు, మీరు తాగే నీళ్లు ఎట్లుంటయని. నీళ్లు నీళ్ల లెక్కనే ఉంటయి సారూ అన్న. ఇంకేం చెప్తం?"

తస్లీమా సీసాలో యాసిడ్ చుక్కలు వేసి మూత బిగించింది. "ఈ నీళ్లల్ల పాదరసం ఉన్నదా లేదా చూస్తం అవ్వా. అది ఉంటే కిడ్నీలే కరాబైతయి."

"ఎప్పుడు తెలుస్తది?"

"నెల లోపట."

"తెల్వంగనే చెప్పు. ఆయిన ఎట్ల పోయిండో తెలుస్తే నాకింత నిమ్మళం. మల్ల నా మనుమడు ముత్యం గూడ గియ్యే నీళ్లు తాగి పెరిగిండు." చెంగుతో చేతులు తుడుచుకుని మా ఇద్దరికీ చెరో జొన్నరొట్టె పెట్టింది.

పాదరసానికి ఒక ఇబ్బంది ఉంది. నీళ్లు పట్టిన ఇరవై ఎనిమిది రోజుల్లోపు చూడాలి. ఆ తర్వాత కొంత సీసా గోడలకు అంటుకుంటుంది, కొంత గాలిలోకి పోతుంది. అంకె వస్తుంది గానీ దాన్ని నమ్మలేం. తస్లీమాకు సెప్టెంబరు పదో తారీఖు శనివారం రెండు గంటల షిఫ్టు దొరికింది. ఇంకా వారం రోజులు చేతిలో ఉన్నట్టే. ఈలోపు నెలాఖరుకే మేడిచెలిమ బావుల్లో మట్టి పోశారు. ఆ పదకొండు సీసాలే మిగిలాయి.

ఆ శనివారానికి ముందు వారం ఒక మాట పడ్డాను. జగదీశ్వర్ అన్న అని, చెరువుల బురద మీద పరిశోధన చేసేవాడు. ఒకరోజు తస్లీమా ఐదు నిమిషాలు ఎక్కువ తీసుకుందని నలుగురి ముందు అన్నాడు: "కలిసి బుక్కెడు తింటరు గదా, దోస్తుకు మేడం దగ్గర వేరే రూలుంటది తియ్యి." అందరూ నవ్వారు.  ఆ మాట నాలోనే ఉండిపోయింది.

పదో తారీఖు మధ్యాహ్నం ఒంటిగంటకే జగదీశ్వర్ అన్న తన డబ్బా పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు, ఎవరైనా రాకపోతే తనకు దొరుకుతుందని. ఒకటీ నలభైకి ఓపెన్‌కాస్టు సైరన్ మోగింది. కాసేపటికి కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. గనిలో బ్లాస్టింగ్ జరిగేటప్పుడు సెంటినరీ కాలనీ రోడ్డును గేటు వేసి ఆపేస్తారు. తుక్కు తీసి మళ్లీ వదిలేసరికి అరగంట పడుతుంది. ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. సైరన్ వినగానే నాకు తెలిసింది, తస్లీమా ఆ గేటు అవతల నిలబడి ఉంటుందని.

రెండయింది. రెండూ పది అయింది. మేకు ఖాళీగా ఉంది.

"మేడం," అన్నాడు జగదీశ్వర్ అన్న గడియారం వైపు చూపిస్తూ. "అది ఆగిపోయిందా, లేకుంటే మనమే ఆపినమా?"

ఇంకో పది నిమిషాలు ఆగుదామని అనొచ్చు. రోడ్డు ఆపి ఉంటారని చెప్తే అతను కూడా కాదనేవాడు కాదేమో, అతనూ ఈ ఊరివాడే. కానీ ఆ నవ్వులు గుర్తొచ్చాయి. నా దగ్గర వేరే రూలు లేదని చూపించాలనిపించింది. అతని బిళ్ల తీసుకుని రెండు గంటల మేకుకు నేనే తగిలించాను.

రెండూ ఇరవై ఐదుకు తస్లీమా వచ్చింది. బుర్ఖా మీద దుమ్ము, చంకలో ఐసు డబ్బా.

"రోడ్డాపిండ్రే. రెండుసార్లు ఫోన్ చేసిన. సైరన్ ఇనవడలే నీకు?"

ఫోన్ సొరుగులో ఉంది. సైరన్ సంగతి నేను మాట్లాడలేదు. "సోమవారం పొద్దుగాల స్లాటు ఖాళీ ఉంది, నీకే ఇస్త. రెండు రోజులేనాయె," అన్నాను.

ఆమె మేకు వైపు చూసింది, తర్వాత నా వైపు. "సరే తియ్యి. వారం టైముంది గదా," అని సీసాలు ఫ్రిజ్‌లో పెట్టుకుంటానంది. కోపం చేసుకోలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

గాఢంగా ఉండే నమూనాలను ముందు పలచన చేశారో లేదో చూసి గానీ యంత్రానికి పెట్టనివ్వకూడదు. అది నా డ్యూటీ. ఆ పూట అద్దం తలుపు అవతల తస్లీమా ఐసు నీళ్లు పారబోసుకుంటుంటే చూస్తూ ఉండిపోయాను. జగదీశ్వర్ అన్న మూడో సీసా పెట్టగానే అంకె ఆఖరుదాకా పోయి అక్కడే నిలబడింది.

"జర చిక్కగైనట్టున్నది," అన్నాడు మెల్లగా.

సోమవారం పొద్దున్న శుభ్రమైన నీళ్లు పెడితే యంత్రం సున్నా చూపించాల్సింది, చూపించలేదు. బురదలోని పాదరసం గొట్టాల నిండా పట్టేసింది. తస్లీమా, నేను సాయంత్రం దాకా యాసిడ్‌తో కడిగాం. కడిగినకొద్దీ అంకె తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. నర్సింగం సారు హైదరాబాదుకు ఫోన్ చేస్తే కొత్త గొట్టాలు రేపు బస్సుకు వేస్తామన్నారు.

ఆ రేపటి నుంచే సకల జనుల సమ్మె. బస్సులు డిపోల్లో ఆగాయి. బాయిలు బందయ్యాయి. అలీముద్దీన్ కాక చౌరస్తాలో సమ్మె టెంటులో కూర్చున్నాడు, మా బాపు కూడా పోయి వచ్చాడు. తెలంగాణ రాష్ట్రం రావాలని మాకూ ఉండేది. సమ్మె మీద నాకు కోపం రాలేదు. శనివారం ఆ షిఫ్టు ఆమెకిచ్చి ఉంటే సమ్మెతో మాకు పనే ఉండేది కాదు.

తస్లీమా తమ్ముడు రఫీ బైకు మీద సీసాలు హైదరాబాదు పట్టుకుపోతానన్నాడు. అక్కడి ల్యాబుకు ఫోన్ చేస్తే రెండు నెలల దాకా ఖాళీ లేదన్నారు. ఇరవై ఎనిమిది రోజులు నిండే పదిహేడో తారీఖు వచ్చింది, పోయింది. ఆ సాయంత్రం తస్లీమా ఫ్రిజ్ తలుపు తీసి సీసాలు లెక్కపెట్టింది. పదకొండూ ఉన్నాయి. మళ్లీ మూసేసింది.

ఆ వారం ఇంట్లో అన్నం దగ్గర బాపుతో చెప్పాను. నేను చేసింది మీ కిటికీ పద్ధతే కదా అని కూడా అన్నాను. నన్ను సమర్థిస్తాడనుకున్నాను.

బాపు చేయి ఆగింది. "ఎవలు చెప్పిండ్రే నీకు గట్ల? కంపెనీ బస్సు లేటైతే మస్టరు ఆపేటోన్ని. వాగు పొంగినా ఆపేటోన్ని. ఇంట్ల పండుకొని లేటొస్తే అది వేరే ముచ్చట. నువ్వు కిటికీ ఇవతల నిలవడి చూసినవు బిడ్డ. నేను తలకాయ బయటికి పెట్టి, బస్సు వచ్చిందా అని అడిగేది చూడలే."

"చూడలేదు బాపూ."

"మా మేనేజరుకు గూడ లేదు ఇంత రోషం," అని ఆపాడు. తర్వాత చల్ల పోసుకున్నాడు. 

సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. నవంబరులో గొట్టాలు వచ్చాయి. యంత్రం సున్నా చూపించిన రోజు తస్లీమాను పిలిచి, ఎంతసేపైనా తీసుకొమ్మన్నాను. పదకొండు సీసాలూ పెట్టింది. అన్నిట్లోనూ దాదాపు ఏమీ లేదని వచ్చింది. నిజంగానే లేదో, ఉండి పోయిందో ఎవరూ చెప్పలేరు. ఆమె గైడు ఆ అధ్యాయం తీసేయమన్నాడు. తస్లీమా తీసేసింది. ఆ మాట నాతో చెప్పేటప్పుడు కూడా తన డబ్బాలోని కూర నా డబ్బాలో వేస్తూనే ఉంది. 

డిసెంబరులో ఐలవ్వ ల్యాబుకు వచ్చింది. కొత్త కాలనీ నుంచి రెండు ఆటోలు మారి, అడుగుతూ అడుగుతూ వచ్చిందట. తస్లీమా కుర్చీ వేసింది.

"నెలంటివి, నాలుగు నెలలాయె. సమ్మెల పడి మరిచిపోయిండ్రనుకున్న," అని నవ్వింది. "ఏమొచ్చింది బిడ్డ?"

తస్లీమా కంప్యూటరు వైపు చూసింది. "ఏం లేదనే వచ్చింది అవ్వా. గని..."

"ఏం లేదా? అయితే మంచి నీళ్లేనా?" ఐలవ్వ ముఖం విప్పారింది. "నేను పోసిన నీళ్లు కావు గద ఆయిన పానం తీసినయి?"

ఆయన ఎట్లా పోయాడో తెలియాలన్న మాట కింద ఇన్నాళ్లూ ఈ భయమే ఉందని నాకప్పుడు అర్థమైంది. భర్తకు తోడి పోసిన చేతులవి. అవునవ్వా, మంచి నీళ్లేనని ఒక్క మాటంటే నిమ్మళంగా వెళ్లిపోతుంది. కాదని చెప్పగలిగేవాళ్లు కూడా ఎవరూ లేరు. మాట నోటిదాకా వచ్చింది. కానీ అవే నీళ్లు తాగి పెరిగిన మనుమడు ముత్యం ఉన్నాడు.

"మంచియని చెప్పరాదు అవ్వా," అన్నాను. "చెడ్డయని గూడ చెప్పరాదు. టైముల చూసుంటే తెలుస్తుండె. టైముకే వచ్చేది తస్లీమా, రోడ్డు ఆపిండ్రు. అది తెలిసి గూడ నేను ఆమె వంతు ఇంకొకలకు ఇచ్చిన. తర్వాత మిషిని చెడిపోయింది."

ఐలవ్వ చెంగు సర్దుకుంది. అర్థమైందో లేదో అనుకున్నాను.

"మల్ల తోడుకుందమంటే బాయి లేకపాయె," అంది.

"లేదు అవ్వా."

"మరి పోరడు? ఆయినకు లెక్కనే అయితదా వానికి?"

"కిడ్నీల టెస్టు చేపియ్యండ్రి," అంది తస్లీమా. "మేమిద్దరం వస్తం దవాఖానకు."

"మీరొస్తే డాక్టరు మాటింటడా? కాయితం అడుగుతరు ఆల్లు. ఆయినప్పుడు గూడ కాయితమే అడిగిండ్రు. నీళ్ల సంగతి రాసియ్యి."

రిపోర్టు ఫారం తీశాను. ఫలితం దగ్గర 'తెలియదు' అని రాశాను. కారణం దగ్గర కలం ఆగింది. సమ్మె అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు, ఆ ఏడాది అన్ని కాగితాల మీదా అదే ఉంది. 'నమూనా గడువులోపే ల్యాబుకు చేరింది. టెక్నీషియన్ పొరపాటు వల్ల పరీక్ష జరగలేదు' అని రాసి కింద సంతకం పెట్టాను. తస్లీమా నా భుజం మీదుగా చదివింది. ఈ కాగితం నర్సింగం సారు చూస్తే నా టెంపరరీ ఉద్యోగం ఏమవుతుందో ఆమెకూ తెలుసు. కొట్టేయమని అనలేదు. స్టాంపు తెచ్చి ఇచ్చింది.

ఐలవ్వ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, మడిచి రవికెలో పెట్టుకుంది.

"సోమవారం తీస్కపోత పోరన్ని," అంది లేస్తూ. "ఎనిమిదింటికే లైన్ కడ్తరు. జల్ది రాండ్రి."

"ఏడింటికే ఉంట అవ్వా," అన్నాను.

ఆమె మెట్లు దిగి, ఆటో కోసం ఎండలో నిలబడింది.