కందిపప్పు డబ్బా కింది కంపెనీ

పొద్దున్నే పక్కింటి సుగ్రా బీ చాచీ ఫోన్‌కు నా కోసం కబురొచ్చింది. లక్ష్మీనగర్‌లో కంప్యూటర్ సెంటర్ నడిపే మొగిలి సార్ మాట్లాడారు.

"డెమో క్లాసు ఇయ్యాల్నే, నాలుగింటికి. సిలబస్‌ల లేనిది చెప్పాలె. ఏదన్న కంప్యూటర్ కంపెనీ చరిత్ర చెప్పు. ఏడ చదివినవో గది గూడ చెప్పాలె. నచ్చకుంటే రేపు ఇంకొకామె వస్తున్నది."

అక్కడి టీచరు ఉద్యోగం నాకు కావాలి. డిగ్రీలో కంప్యూటర్ చదివింది పెళ్లి ఫొటోల ఆల్బం తిరగేస్తూ కూర్చోడానికి కాదు కదా!

బ్రౌజింగ్ సెంటర్‌కు పరుగెత్తాను. నెట్ లైను లేదు. లైబ్రరీలో పేపర్లూ వారపత్రికలే. అప్పుడు గుర్తొచ్చింది. కాలేజీ రోజుల్లో కొనుక్కున్న ఒక కంప్యూటర్ పత్రికలో ఆస్బోర్న్ అనే కంపెనీ కథ ఉంది. చేత్తో మోసుకెళ్లే కంప్యూటర్‌ను మొదట్లో అమ్మినవాళ్లు.

గుర్తొచ్చిన సంతోషం అంతలోనే జారిపోయింది. ఆ పత్రిక ఉన్నది మా వంటింటి అరల్లో. ఈ బొగ్గుగని క్వార్టర్‌లో కాపురం పెట్టిన వారంలోనే నేను మైదా ఉడికిస్తే, మా ఆయన భూపాల్ బావా నేనూ నవ్వుకుంటూ ఆ రంగురంగుల పేజీలను అరల బండలకు అంటించాం. ఎంత ముద్దొచ్చాయో! చాయ్ కాచినప్పుడల్లా చూసుకుని మురిసేదాన్ని.

నైట్ షిఫ్టు దిగి పడుకున్న బావను లేపాను.

"లే బావా. డబ్బాలు దించాలె."

"గనిల సాలదా? ఇంట్ల గూడ డ్యూటీనా?" అంటూనే లేచాడు.

అరలో తల పెట్టి చదివాను. కందిపప్పు డబ్బా కింద కంపెనీ పుట్టింది. కారం సీసా కింద ఆ యంత్రం బొమ్మ: కుట్టుమిషన్ అంత, పదకొండు కిలోల బరువు. ఉప్పు జాడీ కింద, కొత్త మోడల్ వస్తుందని ముందే చెప్పేశారట, పాతది కొనేవాళ్లు ఆగిపోయారట. అక్కడ వాక్యం సగంలో తెగింది. మిగతాది కాగితం వెనక వైపు, బండకు అంటుకుని ఉంది.

గోటితో అంచు గీరాను, ఊడలేదు. "ఇగ అయిపోయింది బావా."

"మైదా ఉడికించింది నువ్వే. గింత గట్టిగ అంటింది, మా అత్తగారిది సిమెంట్ ఫ్యాక్టరీ గిట్లనా?"

సుగ్రా బీ చాచీ కిటికీలోంచి తొంగిచూసింది. "ఉడుకునీళ్ల గుడ్డ పెట్టు బేటీ. జల్ది చెయ్యకు, చినుగుతది."

పెట్టాం. నానింది. చెరో మూలా పట్టి, ఊపిరి బిగబట్టి లేపాం. కాగితం ముద్దయి చేతికొచ్చింది.

"ఏదో ఒకటి చెప్పు పిల్లా," అన్నాడు బావ. "దివాళా తీసిందను, లేకుంటే బాగుపడ్డదను. సార్‌కేం ఎరుక?"

నాలుగింటికి క్లాసులో, అరల్లో చదివిందంతా వరుసగా చెప్పాను. "పదకొండు కిలోలా!" అని ఒకమ్మాయి నోరు తెరిస్తే గంతేయాలనిపించింది. కొత్త మోడల్ దాకా వచ్చి ఆగాను.

"తర్వాత ఏమైంది?" వెనక బల్ల మీంచి సార్ అడిగారు.

బావ చెప్పిన రెండు జవాబులూ నాలుక మీదే ఉన్నాయి. "నాకు తెల్వదు సార్. ఆ పేజీ చినిగిపోయింది."

"ఏ పుస్తకంల?"

"మా వంటింటి అరల సార్. మైదాతోని అంటించినం."

క్లాసంతా గొల్లుమంది. సార్ నవ్వలేదు. "బయట కూసో."

బయట బావ నిద్రకళ్లతో స్కూటర్ మీద ఉన్నాడు. "ఏమన్నడు?"

"బయట కూసోమన్నరు."

కొంగు చివర ముడి వేస్తూ, విప్పుతూ నిలబడ్డాను. లోపల పిల్లల గోల మొదలైంది. "మునిగే ఉంటది రా." "నీ మొకం, ఎవడో కొనే ఉంటడు." అది అంతకంతకూ పెరిగింది. చివరికి సార్ తలుపు దగ్గరికొచ్చారు.

"సోమవారం నుంచి రా అమ్మా. గా కంపెనీ ఏమైందో తెల్సుకొనే రావాలె. లేకుంటే వీళ్లు నన్ను బతకనియ్యరు."

సంతోషం గొంతు దాటకముందే కొత్త భయం పట్టుకుంది. సోమవారానికి ఎక్కడ దొరుకుతుంది?

"కరీంనగర్‌ల నెట్ సెంటర్లు మస్తున్నయ్, పోదం తీ," అన్నాడు బావ. "ఇయ్యాల డ్యూటీ నాగా పెడ్త."

"ఆడ గూడ లైను లేకుంటే?"

"ముందుగాల ఎక్కు పిల్లా!"