గూట్లో వెలిగే ఫోను

పెళ్ళయి ఢిల్లీ వచ్చాక తేజశ్రీకి అన్నిటికంటే ముద్దొచ్చింది వంటింటి కిటికీలోంచి నేలమీద పడే ఎండ ముక్క. పొద్దున్నే పీట వాల్చినట్టు వచ్చి, కాసేపు కూర్చుని, గోడెక్కి వెళ్ళిపోయేది. దాని పక్కనే చతికిలబడి కూరగాయలు తరుక్కునేది తేజశ్రీ. నవంబరులో ఊరంతా పొగ కమ్మాక అది రావడం మానేసింది. ఆ ఇంట్లో పగటిపూట అప్పటిదాకా ఇద్దరుండేవారు, ఇప్పుడు తనొక్కతే.

ఇల్లు పాలంలో, నాలుగో అంతస్తులో. విమానాశ్రయం పక్కనే కాబట్టి మాట మధ్యలో విమానం వస్తుంది. అందరూ నోరు మూసుకుని అది వెళ్ళేదాకా ఆగుతారు. కొత్తలో తేజశ్రీకి అదొక ఆట. కొత్తిమీర బేరమాడుతుంటే విమానం వచ్చేది, కూరగాయల భయ్యా, తనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడేవారు. అది వెళ్ళాక ఆయన నవ్వి ఇంకో కట్ట పడేసేవాడు. ఆ రోజంతా ఆమెకి పండగే.

భర్త రఘురామ్‌ది సైన్యంలో ఆఫీసు ఉద్యోగం. క్వార్టరు ఇంకా రాలేదు కాబట్టి ఈ అద్దె ఇల్లు. తెల్లారకముందే బస్సెక్కి వెళితే చీకటి పడుతుండగా వస్తాడు. ఆ ఆఫీసులోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు. గేటు దగ్గర కౌంటరులో ఇచ్చి, నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ తీసుకుని లోపలికి పోవాలి. గోడకి పావురాల గూళ్ళలా చెక్క అరలుంటాయట. ఒక్కో గూట్లో ఒక్కో ఫోను సాయంత్రం దాకా పడుకుంటుంది.

ఆపేసి ఇవ్వాలని నియమం. రఘురామ్ మాత్రం ఆపడు, చప్పుడు కాకుండా చేసి ఇస్తాడంతే. అది పెళ్ళయిన కొత్తలో ఒప్పుకున్న ఒప్పందం.

"మెసేజీకి ఒక్క టిక్కే పడితే నూతిలో రాయేసినట్టుంటుందండీ. చప్పుడైనా రాదు" అంది తేజశ్రీ అప్పట్లో.

"రెండు పడితే మాత్రం ఏమొస్తుంది? నేను చూసేది సాయంత్రమే కదా."

"చేరిందని తెలుస్తుంది కదండీ."

అతను నవ్వలేదు కానీ ఆ మర్నాటినుంచి ఫోను ఆపలేదు.

తేజశ్రీ కాకినాడలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివింది. ఒక ఏడాది జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పింది. ఆమె జోకు వేస్తే ముందు బెంచీలు రాసుకునేవి, వెనక బెంచీలు నవ్వేవి. ఇప్పుడా వెనక బెంచీ రఘురామ్ ఫోనే. టీ కప్పు పట్టుకుని సైన్సు వార్తలన్నీ చదవడం, ఒక్కొక్క వార్తకీ ఒక్కొక్క మాట తగిలించి పంపడం, బూడిద రంగు టిక్కులు రెండూ పడగానే ఒక గుటక తాగడం. ఇది ఆమె ఉదయం ఉద్యోగం.

'శనిగ్రహానికి ఇంకా బోలెడు చందమామలు దొరికాయటండీ. ఒకటి పాలానికి పంపమని అడగండి. ఈ పొగలో మనకున్న ఒక్కటీ కనబడటం లేదు.'

'బట్టలు మడతపెట్టే రోబో వచ్చిందట. ఒక చొక్కాకి చాలాసేపు తీసుకుంటుందట. మీరు అసలు పెట్టరు కాబట్టి అదే నయం.'

'తప్పు చెప్పావు అంటే చాలు, చాట్‌బాటు వెంటనే క్షమించమంటోందండీ. పెళ్ళికొడుకుల శిక్షణకి పనికొస్తుంది.'

'భూమికి బాగా దగ్గరగా ఒక రాయి వెళ్ళిందట. ఎంత దగ్గరో తెలుసా? ఇరవై లక్షల కిలోమీటర్లు. అదే దగ్గరయితే మీరిప్పుడు నా ఒళ్ళో ఉన్నట్టేనండీ.'

ఈ చివరిది తనకే ఎంతో నచ్చి, ఆగలేక, మేడమీద బట్టలారేస్తున్న కింది వాటా వైశాలి దీదీకి వచ్చీరాని హిందీలో చెప్పింది. వైశాలి చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

"అచ్ఛా? కబ్ గిరేగా?"

"గిరేగా నహీ దీదీ. దూర్ సే గయా. జోక్ హై."

"పాలం మే గిరేగా క్యా? ఎయిర్‌పోర్ట్ వాలోం కో పతా హై?"

రాయి పాలంలోనే పడుతుందేమోనని వైశాలి భయం. పడదని వివరించడానికి తేజశ్రీకి హిందీ సరిపోలేదు. ఆ సాయంత్రం వైశాలి తన పిల్లల్ని మేడమీదికి పోనివ్వలేదని తెలిసి తేజశ్రీకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వుని పంచుకోవడానికి చుట్టూ చూస్తే ఫ్రిజ్ ఉంది.

సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి ఫోను చేతిలో పట్టుకుని కూర్చునేది. ఉన్నట్టుండి టిక్కులన్నీ ఒక్కసారి నీలమయ్యేవి. వెంటనే ప్రతి జోకు కిందా కళ్ళనీళ్ళు కారేలా నవ్వే బొమ్మ ఒకటి వచ్చి పడేది. వరసగా, ఒక్కటీ వదలకుండా. తేజశ్రీ వాటిని నాలుగైదుసార్లు పైకీ కిందికీ జరిపి చూసుకుని, లేచి పొయ్యిమీద అన్నం పెట్టేది.

ఇంటికొచ్చిన మనిషి మాత్రం వేరే. చేతులు కడుక్కుని, తిని, కళ్ళు మూతలు పడుతుంటే గోడకి ఆనుకునేవాడు.

"ఇవాళ్టివి ఎలా ఉన్నాయండీ?"

"బాగున్నాయి."

"ఏది ఎక్కువ బాగుంది?"

"ఆ రాయిది. ఒళ్ళో ఉన్నట్టే అన్నావు చూడు."

గుర్తుంది. ఆమెకి అంతే చాలు. ఇంకేదో చెప్పబోయేసరికి విమానం వచ్చేది. అది వెళ్ళేసరికి రఘురామ్ నిద్రలోకి జారిపోయేవాడు. ఇందాక ఏమన్నావని అతను ఏనాడూ అడగలేదు. అలసిపోయాడులే అనుకునేది.

ఒక మంగళవారం ఆమెకి జోకు తట్టలేదు. ఎక్కడో సుదూరంలో తిరిగే పాత వ్యోమనౌక ఒకటి పలకడం మానేసిందని వార్త. అక్కడికి మాట చేరడానికే గంటలు పడుతుంది. శాస్త్రవేత్తలు రోజూ పిలుస్తూనే ఉన్నారట. కిటికీ బయట ఎదురింటి గోడ కూడా కనబడనంత పొగ. తేజశ్రీ రాసింది: 'ఇవాళ జోకు లేదండీ. ఆ నౌకకి వినబడుతోందో లేదో తెలియకుండానే రోజూ పిలుస్తున్నారట. ఎందుకో ఏడుపొచ్చింది. ఇంటికి తొందరగా వస్తారా?'

రెండు టిక్కులు పడ్డాయి.

సాయంత్రం అవి నీలమయ్యాయి. దాని కిందా అదే బొమ్మ, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతూ.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. వేలు పొరపాటున తగిలిందేమో అనుకుంది. పైకి జరిపి చూసింది. నెలల తరబడి అదే బొమ్మ, అన్నిటికీ ఒకే వరసలో, మూకుడులో ఒక్కసారే వేసిన గారెల్లా. ఇతను ఇవేవీ చదవడన్న సంగతి అప్పుడు అర్థమైంది. మరి ఆ రాయి సంగతి ఎలా గుర్తుంది? తెలియలేదు. అతను వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఆమె అడగలేదు. అడిగితే నిజం చెప్తాడేమోనని భయం.

బుధవారం ఏమీ పంపలేదు. వార్తలు చదవకుండా ఉండలేకపోయింది కానీ చదివిన ప్రతిదానికీ జోకు తట్టడం మొదలెట్టింది. మంగళవారం రానివన్నీ ఇవాళ తోసుకొస్తున్నాయి. పిల్లులకి మనుషుల పేర్లు గుర్తుంటాయట, కాకపోతే పలకవట. తేజశ్రీ ఫోను తీసింది, మళ్ళీ బోర్లా పెట్టింది. అంట్లన్నీ తోమింది. తోమినవే మళ్ళీ తోమింది.

ఆ సాయంత్రం రఘురామ్ రోజూకంటే ముందే వచ్చాడు. బూట్లు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. ఏం?"

"భీమారావుగారు అడగమన్నారు."

"ఆయనెవరండీ?"

రఘురామ్ గుమ్మానికి ఆనుకుని కాసేపు బూట్లవైపు చూసుకున్నాడు. "ఫోను కౌంటరులో ఉంటారు. మన శ్రీకాకుళం వైపు. నీ మెసేజీ వచ్చినప్పుడల్లా గూట్లో ఫోను వెలుగుతుంది కదా, పైకి కనబడినంత చదువుతారు. మామూలుగా ఆయన చూస్తే ఫోను ఆపించాలి. నీ జోకుల కోసమే చూడనట్టు ఊరుకుంటున్నారు."

తేజశ్రీ చేతిలో గరిటె ఆగిపోయింది. "అన్నీ చదువుతారా? నేను చివర్లో పెట్టే ముద్దు బొమ్మలు కూడానా?"

"అవి రాగానే ఫోను బోర్లా పెట్టేస్తారంట."

ఆమె చెంపలు వేడెక్కాయి. నవ్వాలో, తిట్టాలో తెలియక పొయ్యి తగ్గించింది.

"సాయంత్రం ఫోను ఇచ్చేటప్పుడు నాకు చెప్తారు. 'ఇవాళ మూడోది అదిరిందయ్యా' అంటారు. రాయిది ఆయనకి బాగా నచ్చింది. పాలకొండలో ఉన్న వాళ్ళావిడకి ఫోనులో చెప్పారంట. ఇరవై లక్షలే దగ్గరయితే మనం ఒకే మంచం మీదున్నట్టేనే అని."

"ఆవిడ నవ్విందా?"

"నవ్విందంట. తర్వాత ఏడ్చిందంట."

విమానం వచ్చింది. ఇద్దరూ ఆగారు. గిన్నెలు సన్నగా అదిరాయి. తను మేడమీద చెప్తే అర్థం కాని మాట ఎక్కడో పాలకొండలో ఒక ఇంట్లోకి వెళ్ళి నవ్వించి, ఏడిపించి వచ్చింది. విమానం దూరమయ్యాక ఆమె నెమ్మదిగా అడిగింది.

"మరి మీరు?"

"ఫోను ఇవ్వగానే బస్సు కదిలిపోతుందే. పరిగెత్తుతూనే నవ్వు బొమ్మలు నొక్కేస్తాను. నువ్వు ఎదురుచూస్తుంటావని. బస్సెక్కగానే నిద్ర పట్టేస్తుంది. ఇంటికెళ్ళి చదువుకుందాంలే అనుకుంటాను. ఆయన చెప్పారు కదా, విన్నాను కదా అని..."

"నిన్న ఏం చెప్పారు?"

"నిన్న ఆయన సెలవు. వేరేవాళ్ళున్నారు."

తేజశ్రీ అన్నం గిన్నె దించింది. ఆమె నిన్నటి సంగతి ఎందుకడిగిందో అర్థంకాక రఘురామ్ జేబులోంచి ఫోను తీశాడు. మంగళవారం నాటి మెసేజీ తెరిచి, పెదవులు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు. దాని కింద తను పెట్టిన బొమ్మని చూసి ఫోను గట్టుమీద పెట్టేశాడు, కాలినట్టు.

"దీనికా నేను..."

"దానికే."

పొగ వాసన కిటికీ సందులోంచి వస్తోంది. అతను వెళ్ళి ఆ సందులో గుడ్డ కుక్కి వచ్చాడు. చేయడానికి ఇంకేమీ కనబడలేదు.

"అది పలికిందా?" అన్నాడు చివరికి.

"లేదండీ. ఇంకా పిలుస్తున్నారు."

మర్నాడు తేజశ్రీ టీ పెట్టుకుని ఫోను తీసింది. పిల్లుల జోకు రాసి, దానికి ముందు ఒక వాక్యం చేర్చింది: 'భీమారావుగారూ, నమస్కారమండీ. ఒంట్లో కులాసానే. ఇవాళ బొమ్మలేవీ పంపను, మీరు నిశ్చింతగా చదువుకోవచ్చు.' పంపింది. రెండు టిక్కులు పడ్డాయి. అవతల ఒక మనిషి ఉన్నాడని తెలిశాక ఆ టిక్కులు వేరుగా కనబడ్డాయి. అయినా ఇల్లు అంత ఇల్లే, పగలు అంత పగలే. ఎండ ముక్క రాలేదు.

అన్నిటిలోకీ మంచిది ఒకటి మాత్రం ఎవరికీ పంపకుండా దాచుకుంది. రోజంతా అది నాలుకమీద పిప్పరమెంటులా ఉంది.

సాయంత్రం అతను కంచం ముందు కూర్చున్నాక మొదలెట్టింది. "చందమామ మీద ఇల్లు కడతారటండీ. అయితే అక్కడ..."

విమానం వచ్చింది. మిగతావాటికంటే కిందుగా, కిటికీ అద్దాలు గలగలలాడేంత చప్పుడుతో, ఎప్పటికీ పోనట్టు పోయింది. తేజశ్రీ తలవంచుకుని అతని గ్లాసులో నీళ్ళు పోసింది. ఇంక అడగడులే అనుకుంది.

రఘురామ్ చేతిలో ముద్ద అలాగే ఉంది. కళ్ళు వాలిపోతున్నాయి, బలవంతాన తెరిచి చూస్తున్నాడు.

"ఊఁ. అయితే అక్కడ?"