మూడో బొటనవేలు

గోల్ఫ్ మైదానం వెనక, గడ్డి కోసే యంత్రాలు పెట్టుకునే షెడ్డు పక్కన ఒక చిన్న గది ఉంది. ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా ఒకావిడ గోల్ఫ్ కర్రల పిడులకుండే రబ్బరు గ్రిప్పులు అరిగిపోతే కోసేసి కొత్తవి తొడుగుతోంది. మైదానంలో అందరూ ఆమెను గ్రిప్పులమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు, ఆమె కూడా పలుకుతోంది.

ఆమెకు ఒకరి ఆట చూడవలసిన పని లేదు. కర్ర చేతికిస్తే చాలు. అవి ఉక్కువే అయినా ఆమె నోట కర్రలే. రబ్బరు ఎక్కడ నున్నబడిందో చూసి మనిషి జాతకం చెప్పేస్తుంది. పళ్ళ డాక్టరు గ్రిప్పు మీద ఎడమ బొటనవేలి కింద గుంట పడి ఉంటుంది. ఆయన కర్రను కూడా పన్ను పీకినట్టే పట్టుకుంటాడు, అందుకే బంతి పది గజాలు పోయి సిగ్గుపడి ఆగిపోతుంది. రిజిస్ట్రారుగారి గ్రిప్పు మీద రెండు వేళ్ళ మచ్చలే కనిపిస్తాయి. జన్మలో పెన్ను కంటే బరువైనది ఎత్తిన మనిషి కాదు పాపం. ఇక చేతులు కుడికి ఒరిగితే బంతి ఎడమకు పోతుంది, ఎడమకు ఒరిగితే కుడికి పోతుంది. ఈ తిరకాసు ఎంత చెప్పినా కొత్తవాళ్ళ బుర్రకెక్కదు. ఎడమకు పోతోందని చేతుల్ని ఇంకాస్త కుడికి తిప్పి, ఇంకా ఎడమకు పంపి, చివరికి కర్రను తిట్టుకుంటూ ఆమె గది మెట్లెక్కుతారు.

ఆ మంగళవారం మెట్లెక్కింది ఆమె మేనకోడలు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, సన్నగా ఉంటుందని తండ్రి పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. సంచీ దించి, ఏడో నంబరు కర్ర తీసి బల్ల మీద పెట్టింది. వారం రోజులుగా కొట్టిన ప్రతి బంతీ ఎడమకే పోతోందని చెప్పింది. శనివారం జట్టు ఎంపిక. పంతొమ్మిది నిండితే ఆ జట్టులో చోటుండదు, ఆమెకు వచ్చే నెలే నిండుతాయి. అంటే ఈ శనివారం తప్పితే ఇన్నేళ్ళ కష్టం గంగపాలే. పిల్ల సరిగ్గా తినడం లేదని, రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదని పొద్దున్నే వదిన ఫోన్ చేసి మరీ చెప్పింది.

"గ్రిప్పు అరిగిందేమో చూడు అత్తా. నా చేతులు మాత్రం సరిగ్గానే ఉన్నాయి," అంది పిచ్చుక.

గ్రిప్పులమ్మ ఆ మాట విని తలెత్తలేదు. ఆ చేతులు సరిగ్గా లేవని ఈ భూమ్మీద తెలిసినది ఇప్పుడు ఆమె ఒక్కతే. తెలిసిన రెండో మనిషి ఎనిమిది నెలల కిందట పోయాడు.

ఆ రెండో మనిషి ఆమె అన్న. పిచ్చుక తండ్రి, మైదానానికి కోచ్. పిచ్చుకకు తొమ్మిదేళ్ళప్పుడు బంతులన్నీ కుడికే పోయేవి, చేతుల్లో బలం చాలక. అప్పుడు అన్న ఈ గదికి వచ్చి తలుపు దగ్గరకు వేసి ఒక మాట అడిగాడు. గ్రిప్పు లోపల, అడుగు వైపున, సన్నని గట్టు ఒకటి ఉంటుంది. వేళ్ళు దాన్ని తడుముకుని వాటి చోటు అవి చూసుకుంటాయి. ఆ గట్టును బియ్యపు గింజంత పక్కకు తిప్పి తొడగమన్నాడు. చేతులు వాటంతట అవే కుడికి ఒరుగుతాయి, బంతి తిన్నగా పోతుంది, పిల్లకు చెప్పనక్కర్లేదు అన్నాడు. తర్వాత తిన్నగా పెట్టేద్దాం అన్నాడు. ఆ ‘తర్వాత’ అన్నది ఎప్పటికీ రాలేదు. తొమ్మిదేళ్ళు గ్రిప్పు మార్చిన ప్రతిసారీ ఆమె గట్టు తిప్పుతూనే ఉంది. ఇప్పుడు పిల్ల మణికట్టుకు బలం వచ్చింది. ఒరిగిన చేతులకు బలం తోడైతే బంతి ఎడమకు కాక ఎటు పోతుంది?

మహానుభావుడు ఎవరి చేతుల్నీ వాటి మానాన వదిలేవాడు కాదు. ఎదురుగా నిలబడి, తన కుడి చేయి వాళ్ళ చేతుల మీద వేసి, బొటనవేలితో నొక్కి తిప్పేవాడు. ఆ బొటనవేలు మామూలు వేలు కాదు. కుర్రతనంలో ఈ గదిలో కర్రల్ని బిగించే వైసులోనే నలిగి, గోరు ఊడి, చెంచాలా వెడల్పుగా అయిపోయింది. పోయింది కూడా పాఠం మధ్యలోనే. కూతురి చేతులు సరిచేస్తూ సరిచేస్తూ అలాగే కూలిపోయాడు. పిల్ల చేతుల మీంచి ఆయన వేళ్ళు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

పిచ్చుక వెళ్ళాక గ్రిప్పులమ్మ కర్రను వైసులో బిగించి, కొక్కెం కత్తి తీసుకుని, కోసే ముందు అలవాటు చొప్పున రబ్బరును వెలుతురులోకి తిప్పి చూసింది. ఎడమ బొటనవేలి మచ్చ ఉంది. కుడి బొటనవేలి మచ్చ ఉంది. వాటికి కాస్త కింద, ఆడేవాళ్ళ వేలు ఏదీ పడని చోట, వెడల్పుగా, చెంచా ఆకారంలో మూడో మచ్చ ఉంది.

ఆ గ్రిప్పు ఆమె తొడిగిందే. అన్న పోయిన రెండు నెలలకు తొడిగింది.

రబ్బరు నాసిరకం అయి ఉంటుంది, సంచీలో ఒరుసుకుని ఉంటుంది అని తనకు తనే నచ్చజెప్పుకుంది. పాత గ్రిప్పు చీల్చి తీసేసి, రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, స్పిరిట్ పోసి, కొత్తది తొడిగింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి గట్టును తిన్నగా పెట్టింది. సరిగ్గా దాని మీద తెల్ల పెన్సిలుతో గీత గీసి, ఆరడానికి వదిలేసి ఇంటికి పోయింది.

పొద్దున వచ్చి చూస్తే గీత పక్కకు పోయి ఉంది. బియ్యపు గింజంత.

బుధవారం ఆ గ్రిప్పూ కోసేసి ఇంకోటి తొడిగింది. ఈసారి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. స్పిరిట్ తడి ఆరడానికి కొద్ది నిమిషాలు పడుతుంది, ఆలోపే గ్రిప్పు కదలాలి, ఆరాక ఏనుగు లాగినా కదలదు. బయట యంత్రం గడ్డి కోస్తోంది. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆ పట్టపగలు, ఎవరూ తాకకుండా, తెల్లగీత తీరిగ్గా పక్కకు తిరిగింది. తొందరేమీ లేదు దానికి. కారే కుళాయిని కట్టేసినట్టు, అలవాటున్న చేయి తిప్పినట్టు తిరిగి, తన చోటికి రాగానే ఆగిపోయింది.

ఆమె లేచి, రెండు చేతులా గ్రిప్పు పట్టుకుని వెనక్కి తిప్పబోయింది. రబ్బరు వెచ్చగా ఉంది. ఆమె వేళ్ళ మీద ఇంకో చేతి బరువు పడింది. ఆ బరువు ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. అక్షరాలు దిద్దించినప్పుడూ ఈ చేయే, సైకిల్ నేర్పినప్పుడూ ఈ చేయే. ప్రేమగానే ఉంది, ఎప్పటిలాగే. ఎప్పటిలాగే ఆమె మాట వినిపించుకోలేదు కూడా. భయం కంటే ముందు ఆమెకు కోపం వచ్చింది. ఆ వెంటనే ఏడుపు వచ్చింది.

గురువారం పిచ్చుకను పిలిపించి, కూర్చోబెట్టి, గట్టు సంగతి పూసగుచ్చినట్టు చెప్పేసింది. పిల్ల లేచి అరుస్తుందనుకుంది. పిల్ల అరవలేదు. ఎన్నేళ్ళని అడిగింది. తొమ్మిదేళ్ళని చెప్పింది అత్త.

"అంటే నా చేతులు ఎలా ఉంటాయో నాకే తెలీదన్నమాట," అంది పిచ్చుక అరచేతులు చూసుకుంటూ.

అత్తకు ఆ మాట ఎక్కడో తగిలింది. తనూ ఒప్పుకున్నానని, వద్దని చెప్పే నోరు అప్పుడు తనకు లేకపోయిందని అంది. తర్వాత గొంతు తగ్గించి, గట్టు దానంతటదే తిరుగుతోందని కూడా చెప్పింది. పిచ్చిదనుకుంటుందేమోనని మేనకోడలి మొహం వైపు చూసింది. పిచ్చుక ఆశ్చర్యపోలేదు.

"నాన్న చేయి నా చేతుల మీదే ఉంటుంది అత్తా. కర్ర పట్టుకోగానే వచ్చేస్తుంది. అమ్మకు చెప్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుందని చెప్పలేదు." కాసేపాగి అంది, "అది పోతుందేమోనని గ్రిప్పు మార్చాలన్నా భయమేసేది."

"బంతి ఎడమకు పోతోంది కదే."

"తెలుసు. నాన్నకు తెలీదు. నాన్న దృష్టిలో నాకింకా తొమ్మిదేళ్ళే."

బల్ల మీద ఏడో నంబరు కర్ర వాళ్ళ మధ్య పడుకుని ఉంది. జట్టు కావాలో, ఆ చేయి కావాలో తేల్చుకోవలసినది పిచ్చుకే, అత్త తేల్చేది కాదు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల తరఫున అందరూ తేల్చేసి పెట్టిందే చాలు. చివరికి పిచ్చుక కళ్ళు తుడుచుకుని, ఆ చేయి తీసెయ్యమని అడిగింది. అడుగుతూ అత్త వైపు చూడలేదు.

తీసెయ్యడం ఎలా అన్నది ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుండగా తట్టింది గ్రిప్పులమ్మకు. అసలు గట్టే లేని గ్రిప్పులు ఉంటాయి. గుండ్రటివి, ఎటు తిప్పినా ఒక్కటే. వాటితో వేళ్ళకు దారి చూపించేది ఏదీ ఉండదు, ఎవరి చేతులు వాళ్ళే వెతుక్కోవాలి. అందుకే వాటిని ఎవరూ అడగరు. ఆమె దగ్గర ఒక పెట్టె అటక మీద దుమ్ముకొట్టుకుని ఉంది.

శుక్రవారం పొద్దున్నే తలుపు వేసుకుని, పిచ్చుక వదిలివెళ్ళిన సంచీలోని కర్రలన్నీ వరసగా పెట్టుకుంది. ఒక్కొక్కటీ కోసి, తుడిచి, టేపు చుట్టి, గుండ్రటిది తొడిగింది. ప్రతి గ్రిప్పూ తడి ఆరేలోపు కదిలింది. ముందు కొద్దిగా కుడికి తిరిగేది, ఆగేది, మళ్ళీ తిరిగేది. పట్టు దొరక్క ఒక చుట్టు, ఇంకో చుట్టు తిరిగేది. చీకట్లో కళ్ళజోడు కోసం తడుముకునే ముసలివాడిలా వెతికేది. ఆ వెతుకులాట చూడలేక ఆమె మొహం తిప్పుకుంది. చివరి కర్రకు వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. అది మరీ చాలాసేపు తిరిగింది.

"అన్నయ్యా, పిల్ల పెద్దదైంది. ఇక వదిలెయ్," అంది ఆమె.

గ్రిప్పు ఆగిపోయింది. ఆగిన కాసేపటికి, వైసు మీద ఆనించిన ఆమె కుడి చేతి మీద ఒక వెచ్చని అరచేయి వచ్చి కూర్చుంది. వెడల్పాటి బొటనవేలు ఆమె బొటనవేలి మొదట్లో సర్దుకుంది. ఆమె అరవలేదు, చేయి లాక్కోలేదు. ఎటో ఒకచోటికి పోవాలి కదా ఆయన. గది తాళం వేస్తుంటే ఆమె చేయి తాళాన్ని అవసరమైన దానికంటే కాస్త ఎక్కువే కుడికి తిప్పింది.

శనివారం ఎండ మండిపోతోంది. ఎంపిక చేసేవాళ్ళు గొడుగుల కింద కూర్చున్నారు. గ్రిప్పులమ్మ కంచె పక్కన, కుడి చేయి జేబులో పెట్టుకుని నిలబడింది. పిచ్చుక మొదటి రెండు బంతులు చెట్టుకొకటి పుట్టకొకటి పోయాయి. మూడోదానికి ముందు పిల్ల కర్ర పట్టుకుని, వదిలి, కళ్ళు మూసుకుని మళ్ళీ పట్టుకుంది. అలా నాలుగుసార్లు చేసింది. గొడుగు కింద ఒకాయన గడియారం కూడా చూసుకున్నాడు. తర్వాత కొట్టింది. బంతి లేచి, ఎటూ వంగకుండా, తాడు లాగినట్టు జెండా వైపు పోయింది. ఆ తర్వాతివన్నీ అలాగే పోయాయి. మధ్యాహ్నానికి జాబితా పెట్టారు, పైనుంచి రెండో పేరు పిచ్చుకది.

పిల్ల కంచె దగ్గరికి పరిగెత్తుకుంటూ వస్తుందనుకుంది అత్త. నడిచే వచ్చింది, అదీ మెల్లగా. అరచేతులు ఒకదానికొకటి రుద్దుకుంటోంది. ఎంపికైనందుకు నవ్వబోయింది గానీ పెదవులు సహకరించలేదు.

"అత్తా, చేతులు చల్లగా ఉన్నాయి," అంది. "చాలా చల్లగా ఉన్నాయి."

అత్త ఏమీ ఆలోచించలేదు. ఏడవబోతున్న పిల్లను చూస్తే ఎవరు మాత్రం ఆలోచిస్తారు? జేబులోంచి చేయి తీసి కంచె మీదుగా చాచింది. పిచ్చుక రెండు చేతులా ఆ చేతిని అందుకుంది. అందుకుని ఒక్కసారి నిలిచిపోయింది. మొహంలోని బిగువంతా సడలింది. కళ్ళు మూసుకుంది.

"కాసేపు ఇలాగే ఉంచు," అంది నిద్రలో మాట్లాడినట్టు.

గ్రిప్పులమ్మ బొటనవేలు ఆమె ప్రమేయం లేకుండా కదిలింది. మేనకోడలి వేళ్ళ మీద వెడల్పుగా ఆని, మెత్తగా, ప్రేమగా, వాటిని కుడికి తిప్పసాగింది.

అత్త చేయి లాగేసుకుంది. అంత తేలిగ్గా రాలేదు అది, బలమంతా పెట్టవలసి వచ్చింది. జేబులో దోపేసుకుని, పైనుంచి ఎడమ చేత్తో గట్టిగా అదిమి పట్టుకుంది. ఇక ఈ పిల్ల తల నిమరడం, ఈ పిల్ల చేయి పట్టుకోవడం తనకు రాసిపెట్టి లేదని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. పిచ్చుక చేతులు ఇంకా కంచె మీద చాచే ఉన్నాయి.

"ఎండలో పెట్టుకో తల్లీ," అంది అత్త. "అవే వెచ్చబడతాయి."